శరణార్థులకు సేవ చేసే నర్సులకు సంస్కృతి పాఠం వేరే కావాలా?

నైట్‌డ్యూటీ:
యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను చూసే నర్సులకు వాళ్ల సంస్కృతి మీద ప్రత్యేక శిక్షణ ఉండాలని మా వార్డులో ఒక వాదన నడుస్తోంది. నేనైతే వద్దంటాను. పుండు కడగడానికి, సెలైన్ పెట్టడానికి దేశంతో పనేముంది? ఉన్న సిలబస్సే మోయలేకపోతున్నాం. ఆ డబ్బేదో దుబాసీలకు పెడితే నయం.

తెల్లకోటు:
నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒకసారి ఈసీజీ తీద్దామని వైర్లు పట్టుకుని ఒకాయన మంచం దగ్గరికి వెళ్లాను. తలుపు మూసి, షర్టు విప్పమని సైగ చేశాను. అంతే, మనిషి గోడకు అతుక్కుపోయాడు. చెయ్యి పట్టుకుని "ఏం కాదు, పడుకోండి" అన్నాను. ఇంకా వణికిపోయాడు. జైల్లో కరెంటు షాకులు పెట్టారని తర్వాత దుబాసీ ద్వారా తెలిసింది. మర్నాడు తలుపు తీసే ఉంచాను. వైరు ముందు నా చేతికి అంటించుకుని చూపించి, తర్వాత ఆయన చేతికే ఇచ్చాను. ఇది నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

నైట్‌డ్యూటీ:
బాధాకరమే. కానీ ఇందులో సంస్కృతి ఎక్కడుందండీ? షాకులు తిన్నవాడు ఏ దేశంవాడైనా వైరు చూస్తే భయపడతాడు. దానికి కావలసింది హింస అనుభవించినవాళ్లతో ఎలా మెలగాలన్న శిక్షణ. రెండూ కలిపేస్తున్నారు.

బ్లాక్‌బోర్డు:
నైట్‌డ్యూటీ గారి మాటలో నిజముంది. నేను ఈ సబ్జెక్టు చెప్పేదాన్ని కాబట్టి నా తప్పు కూడా చెబుతాను. అమెరికా నర్సు మెడలిన్ లైనింగర్ 1950లలో మొదలుపెట్టిన ఆలోచన మంచిదే, రోగి నమ్మకాలు తెలుసుకోకుండా సేవ కుదరదని. మా క్లాసుకు వచ్చేసరికి అది "ఈ మతంవారు ఇలా, ఆ దేశంవారు అలా" అనే చార్టుగా మారిపోయింది. నా స్టూడెంట్ ఒకమ్మాయి ఆ చార్టు నమ్మి, సిరియా నుంచి వచ్చిన ఒకావిడకు రంజాన్ ఉపవాసం కదా అని మాత్రల వేళలు మార్చమని డాక్టరుకు చెప్పింది. తీరా ఆవిడ క్రైస్తవురాలు! ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. మా చార్టు ఆ ప్రశ్న అడిగే అవసరమే లేకుండా చేసింది.

న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీల నుంచి వచ్చిన నర్సు ఇరిహపెటి రామ్‌స్‌డెన్ దీన్ని తిరగేసి చెప్పింది: సేవ భద్రంగా ఉందో లేదో తేల్చాల్సింది నర్సు కాదు, రోగి. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని చదువులో చేర్చింది. పాఠం కావాలి, చార్టు వద్దు. నా మాట అదీ.

కొత్తబ్యాచ్:
నాదో సందేహం. దుబాసీ ఉంటే చాలన్నారు కదా. మా పోస్టింగులో దుబాసీ రాలేదని తొమ్మిదేళ్ల కూతురి చేతే తల్లికి ప్రశ్నలు వేయించారు. "దారిలో మిమ్మల్ని ఎవరైనా ఏమైనా చేశారా" అని అడిగితే ఆ పిల్ల కాసేపు నేలచూపులు చూసి, "అమ్మ లేదంటోంది" అంది. అసలు అమ్మను అడగనేలేదు.

తెల్లకోటు:
పిల్లల్ని ఎప్పుడూ పెట్టొద్దు. దుబాసీ వచ్చినా చూసుకోవాలి. భాష ఒకటే అయినా యుద్ధంలో అవతలి పక్షం మనిషైతే రోగి నోరు మెదపడు. అలాంటప్పుడు ఫోనులో, పేర్లు చెప్పకుండా మాట్లాడించడం మేలు. మనం దుబాసీ మొహం కాదు, రోగి మొహం చూస్తూ చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడాలి. చివర్లో ఏం అర్థమైందో రోగి చేతే చెప్పించాలి. దుబాసీతో పనిచేయడం కూడా నేర్చుకోవాల్సిన పనే, నైట్‌డ్యూటీ గారూ.

నైట్‌డ్యూటీ:
సరే, దుబాసీ విషయం ఒప్పుకుంటున్నాను. వేరే పేపరు, వేరే పరీక్ష మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను. ఇంకొకటి. రాత్రి ముప్పై మందికి ఇద్దరం ఉంటాం. వైరు ముందు నా చేతికి అంటించుకునే తీరిక ఎవరికి ఉంటుంది?

తెల్లకోటు:
మొదటి రోజు నలభై నిమిషాలు పెనుగులాడినా ఈసీజీ రాలేదండీ. రెండో రోజు పది నిమిషాల్లో అయిపోయింది.