నవంబరు చివరి వారాంతపు కాలేజీ ఫుట్‌బాల్: బెంగళూరులో ఉండి ఏయే ఆటలు చూడాలి?

మారతహళ్లి వాసి (ప్రశ్న):

అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ గురువారం దాటాక వచ్చే శుక్ర, శనివారాల్లో కాలేజీ ఫుట్‌బాల్ (మనం ఫుట్‌బాల్ అనే సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) జట్లలో చాలామటుకు తమ పాత ప్రత్యర్థులతోనే తలపడతాయన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. మారతహళ్లిలో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్న మేం నలుగురం ఈసారి ఆ వారాంతపు ఆటలను కలిసి చూడాలనుకుంటున్నాం. మాలో ఒకరు టెక్సస్ ఏ అండ్ ఎంలో ఎం.ఎస్. చేసి వచ్చారు. మరొకరు యూటీ డాలస్‌లో చదివారు. ఆ విశ్వవిద్యాలయానికి ఫుట్‌బాల్ జట్టే లేదు కనుక ఆయన అభిమానం ఏ ఏటికి ఆ ఏడు కొత్త జట్టు మీదికి మళ్లుతూ ఉంటుంది. నేను యూట్యూబులో ముఖ్య ఘట్టాలు చూస్తూ ఆటకు అలవాటు పడినవాణ్ణి. నాలుగో ఆయనకు క్రికెట్ తప్ప మరో ఆట పట్టదు.

నా సందేహాలు ఇవి. రెండు రాత్రులలో ఎన్ని ఆటలు చూడటం సాధ్యం? ర్యాంకులను బట్టి ఎంచుకోవాలా, లేక పాత వైరాన్ని బట్టి ఎంచుకోవాలా? క్రికెట్ ఒక్కటే తెలిసిన మనిషిని మూడున్నర గంటలు కూర్చోబెట్టాలంటే ముందుగా ఏం చెప్పాలి? సోమవారం ఉదయం అందరికీ ఆఫీసు ఉందన్న విషయాన్ని కూడా దృష్టిలో ఉంచుకొని సలహా ఇవ్వగలరు.

వైట్‌ఫీల్డ్ నిశాచరుడు:

ముందు గడియారం లెక్క సరిచూసుకోండి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తూర్పు తీరానికీ మనకూ ఉన్న తొమ్మిదిన్నర గంటల తేడా ఆ వారాంతానికి పదిన్నర గంటలవుతుంది. అక్కడి మధ్యాహ్నం 12 గంటల ఆట మనకు శనివారం రాత్రి 10:30కు, 3:30 ఆట తెల్లవారుజామున 2 గంటలకు, రాత్రి 7:30 ఆట ఆదివారం ఉదయం 6 గంటలకు మొదలవుతాయి. పశ్చిమ తీరంలో రాత్రి ఆడేవి ఉంటే అవి మన ఉదయపు ఫలహారం వేళకు వస్తాయి.

ఆట గడియారం మీద 60 నిమిషాలే అయినా, విరామాలూ ప్రకటనలూ కలిపి ఒక్కో ఆటకు దాదాపు మూడున్నర గంటలు పడుతుంది. కాబట్టి రాత్రి 10:30 ఆట 2 గంటలకు ముగుస్తుంది, ముగిసీ ముగియగానే తర్వాతి ఆట మొదలవుతుంది. ఇక్కడే ఎవరైనా దెబ్బతినేది. ‘ఒక్క క్వార్టర్ (పావు ఆట) చూసి పడుకుందాం’ అనుకుంటే తెల్లవారిపోతుంది, ఆ తర్వాత 6 గంటల ఆట చూసే ఓపిక ఉండదు. నా సలహా ఏమిటంటే, శనివారం రాత్రి ఆట పూర్తిగా చూసి, 2 గంటలకు టీవీ కట్టేసి, నాలుగు గంటలు పడుకుని, 6 గంటలకు లేవండి. మధ్యలో జరిగే ఆటను ఆదివారం మధ్యాహ్నం రికార్డింగులో చూడవచ్చు. అయితే అప్పటివరకు వాట్సాప్ తెరవకుండా ఉండగలగాలి, అది ఆట చూడటం కంటే కష్టం.

రాత్రి 10:30కు ఏ ఆట పెట్టుకోవాలో వేరే ఆలోచించనక్కరలేదు. మిషిగన్, ఒహాయో స్టేట్ జట్లు 1897లో మొదటిసారి తలపడ్డాయి, వాటి ఆట అలవాటుగా మధ్యాహ్నం 12 గంటలకే మొదలవుతుంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అతిపెద్ద పోరుగా చాలామంది చెప్పుకునే ఆట బెంగళూరులో నిద్ర చెడకుండా చూడగలిగే వేళకు రావడం మన అదృష్టం. మిగతావాటి వేళలను మాత్రం ఇప్పుడే గోడ మీద రాసుకోకండి. చాలా ఆటల సమయాన్ని టీవీ సంస్థలు 12 రోజుల ముందు, కొన్నిసార్లు 6 రోజుల ముందు మాత్రమే తేలుస్తాయి.

టెంపె పూర్వ విద్యార్థి:

వేళల విషయంలో పై సభ్యులతో నాకు పేచీ లేదు. ఎంపిక విషయంలో మాత్రం నేను ర్యాంకుల వైపే మొగ్గుతాను. ప్లేఆఫ్ అంటే సీజన్ చివర జాతీయ విజేతను తేల్చే నాకౌట్ పోటీ. దానికి జట్లను ఎంపిక చేసే కమిటీ ర్యాంకులు అక్కడ మంగళవారం సాయంత్రం, అంటే మనకు బుధవారం ఉదయం వస్తాయి. మీరు చూడవలసింది మొదటి రెండు మూడు స్థానాలను కాదు, 8 నుంచి 14 వరకు ఉన్న జట్లను. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లు ఆడుతున్నాయి. పైన ఉన్నవారికి ఒక ఓటమి వల్ల పెద్దగా నష్టం లేదు, అంచున ఉన్నవారికి మాత్రం ఆ శనివారంతో అంతా అయిపోవచ్చు. దానికి తోడు, వచ్చే వారం జరిగే కాన్ఫరెన్స్ (కలిసి ఆడే జట్ల కూటమి) ఫైనల్స్‌లో ఎవరు ఆడతారన్నది కూడా చాలా చోట్ల ఈ వారాంతంలోనే తేలుతుంది.

పాత వైరాల విలువ ఎంత తగ్గిందో తెలియాలంటే 2024 నవంబరును గుర్తు చేసుకోండి. ర్యాంకే లేని మిషిగన్ జట్టు ప్రత్యర్థి ఊరు కొలంబస్‌కు వెళ్లి, రెండో ర్యాంకులో ఉన్న ఒహాయో స్టేట్‌ను 13–10తో ఓడించింది. తక్కువ జట్లు ఆడే పాత పద్ధతిలో అయితే ఆ ఏడాదికి ఒహాయో స్టేట్ కథ అక్కడితో ముగిసేది. కానీ అదే జట్టు ప్లేఆఫ్‌లో నాలుగు ఆటలు వరుసగా గెలిచి, 2025 జనవరిలో నోటర్ డామ్‌ను 34–23తో ఓడించి జాతీయ విజేత అయింది. 2025లో మీ మిత్రుడి ఏ అండ్ ఎం విషయంలో జరిగింది ఇంకా విచిత్రం. ఆ రోజు వరకు ఓటమి ఎరగని ఆ జట్టు ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం చేతిలో 27–17తో ఓడింది. ఓడిన ఏ అండ్ ఎంకు ప్లేఆఫ్‌లో చోటు దక్కింది, గెలిచిన టెక్సస్‌కు దక్కలేదు.

మా అరిజోనా స్టేట్ ఆట గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. అరిజోనా విశ్వవిద్యాలయంతో మా పోరుకు ఇచ్చే కప్పు మీద 1899 అని చెక్కి ఉంటుంది. ఎడారి రాష్ట్రపు ఈ ఆటను తూర్పు తీరంవారు పట్టించుకోరు, మీరైనా పట్టించుకోండి.

జయనగర్ పాఠకురాలు:

టెంపె మిత్రులు చెప్పిన రెండు ఉదాహరణలూ నిజమే కానీ, వాటి నుంచి ఆయన తేల్చిన అర్థం నాకు తలకిందులుగా కనిపిస్తోంది. ఒహాయో స్టేట్ ఆ ఏడాది జాతీయ విజేత అయిన తర్వాత కూడా, మిషిగన్ చేతిలో వరుసగా నాలుగేళ్లు ఓడిన విషయాన్ని ఆ జట్టు అభిమానులు మరచిపోలేదు. 2025లో మిషిగన్ సొంత ఊరు ఆన్ ఆర్బర్‌లో 27–9తో గెలిచినప్పుడు గానీ వారికి ఊపిరి ఆడలేదు. టెక్సస్ అభిమానులను అడిగి చూడండి, ప్లేఆఫ్‌లో చోటు దక్కకపోయినా ఓటమి ఎరగని ఏ అండ్ ఎంను ఓడించామనే ముందు చెబుతారు. ప్లేఆఫ్ లెక్కలు ఏటా మారతాయి. ఎదుటి ఊరివాడి చేతిలో ఓడిన సంగతిని మాత్రం ఆఫీసులోనూ పెళ్లిళ్లలోనూ ఏడాది పొడవునా ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు.

టెక్సస్, ఏ అండ్ ఎం సంగతే తీసుకోండి. 1894లో మొదలైన ఆ పోరు 2011లో టెక్సస్ చివరి క్షణంలో ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపడం) కొట్టి 27–25తో గెలిచిన ఆటతో ఆగిపోయింది. ఏ అండ్ ఎం వేరే కాన్ఫరెన్స్‌కు వెళ్లిపోయాక, పక్కపక్క ఊళ్లలాంటి ఆ రెండు విశ్వవిద్యాలయాలు 2024 వరకు ఒక్కసారి కూడా ఆడలేదు. టెక్సస్ కూడా అదే కాన్ఫరెన్స్‌లో చేరాకే ఆట తిరిగి వచ్చింది. అంటే మీ మిత్రుడు ఏ అండ్ ఎం ఉన్న కాలేజ్ స్టేషన్‌ ఊరిలో ఆ మధ్య సంవత్సరాల్లో చదివి ఉంటే, తన విశ్వవిద్యాలయపు అతిపెద్ద ఆటను అక్కడ ఉండగా చూసే అవకాశమే ఆయనకు రాలేదు. అలాంటి మనిషి గదిలో ఉండగా ర్యాంకుల పట్టిక చూసి వేరే ఆట పెట్టడం న్యాయం కాదు. ఆ ఆట 2024లో శనివారం, 2025లో శుక్రవారం జరిగింది కనుక తేదీని ముందుగా సరిచూసుకోండి. శుక్రవారం రాత్రి పెడితే మీకు శనివారం ఉదయం 6 గంటలకు వస్తుంది, అంతకంటే మంచి వేళ ఉండదు.

అలబామా, ఆబర్న్ ఆటను కూడా వదలకండి. 2013లో స్కోరు 28–28 ఉండగా, మొదటి ర్యాంకులో ఉన్న అలబామా ఆఖరి ఒక్క సెకనులో 57 గజాల ఫీల్డ్ గోల్‌కు ప్రయత్నించింది. బంతి దూరం చాలక కింద పడుతుంటే, గోల్ కింద కాచుకుని ఉన్న ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరి దాకా పరుగెత్తి ఆట గెలిపించాడు. ఆ ఒక్క ఘట్టాన్ని మీ క్రికెట్ మిత్రుడికి ముందు రోజు చూపించండి. నియమాలు ఏమీ తెలియకపోయినా అర్థమవుతుంది.

మారతహళ్లి వాసి:

అందరికీ ధన్యవాదాలు. ఏ అండ్ ఎం మిత్రుడికి జయనగర్ వారి జవాబు చదివి వినిపించాను. ఆయన చదివింది సరిగ్గా ఆ మధ్య సంవత్సరాల్లోనే. కాబట్టి ఆ ఆటా, మిషిగన్ ఆటా ఖాయం చేసుకున్నాం. నియమాల గురించి కూడా ఎవరైనా క్లుప్తంగా చెబితే మేలు చేసినవారవుతారు.

వైట్‌ఫీల్డ్ నిశాచరుడు:

నియమాలన్నీ చెబితే ఆయన ఆట మొదలవకముందే నిద్రపోతారు. ఇంతవరకు చాలు: బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, వాటిని డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళితే మళ్లీ నాలుగు వస్తాయి, వెళ్లలేకపోతే బంతి ఎదుటివారిది. లక్ష్యాన్ని ఛేదించేటప్పుడు మిగిలిన బంతులనూ కావలసిన పరుగులనూ చూసినట్టే, ఇక్కడ ఏ డౌన్, ఇంకా ఎన్ని గజాలు అన్న రెండు అంకెలను చూస్తూ ఉండమనండి. టచ్‌డౌన్‌కు 6 పాయింట్లు, దాని తర్వాత కిక్‌కు 1, ఫీల్డ్ గోల్‌కు 3. నాలుగో డౌన్ వచ్చినప్పుడు బంతిని దూరంగా తన్నేయాలా, 3 పాయింట్లకు ప్రయత్నించాలా, సాహసించాలా అన్నది కోచ్ నిర్ణయం. ఆ సమయంలో ఎవరినీ వంటింట్లోకి వెళ్లనివ్వకండి.

స్కోరు సమమైతే ఎదుటివారి 25 గజాల గీత నుంచి ఒక్కో జట్టుకు ఒక్కో అవకాశం ఇస్తారు. మూడో ఓవర్‌టైమ్ నుంచి మాత్రం 3 గజాల దూరం నుంచి ఒక్క ప్రయత్నమే, నెగ్గితే 2 పాయింట్లు. 2024లో జార్జియా, జార్జియా టెక్ ఆట ఇలా ఎనిమిది ఓవర్‌టైమ్‌ల దాకా సాగి 44–42తో ముగిసింది. అది మనకు శనివారం ఉదయం వచ్చిన ఆట కాబట్టి సరిపోయింది. రాత్రి 10:30 ఆట అలా సాగితే 2 గంటలకు టీవీ కట్టేయమన్న నా సలహాను పట్టించుకోనక్కరలేదు.