ఆడినోళ్ళందరికీ మెడల్సా? మీరేమంటరు?

పాలమూరు పీఈటీ: మాది జడ్చర్ల దిక్కు సర్కారు బడి. రిపబ్లిక్ డేకు ఆటల పోటీలు పెడ్తున్నం. ఎప్పుడైనా ఫస్టు, సెకండు, థర్డుకు స్టీలు గిన్నెలో టిఫిన్ డబ్బాలో ఇస్తం. ఈసారి ఊర్ల దాత ఒకాయన ఆడిన ప్రతి పిల్లకూ మెడల్ ఇస్తనంటున్నడు, ఎవరూ చిన్నబుచ్చుకోవద్దట. స్టాఫ్ రూంల రెండు జట్లయినం. నాకైతే మనసొప్పుతలేదు. గోనెసంచి పరుగుల బోర్ల పడి, మోకాళ్ళ మట్టి దులుపుకొని మళ్ళ ఎగురుకుంట గీత దాటే పోరి ఉంటది. సగంల సంచి ఇడిచిపెట్టి యాపచెట్టు కింద కూసునే పోరడుంటడు. ఇద్దరి మెడల ఒకటే బిళ్ళ ఏసుడేంది?

మిర్యాలగూడ అమ్మ: హైస్కూలు పిల్లలకైతే మీ మాట సరే సార్. మా చిన్నోడు యూకేజీ. ఆ వయసులో ఒక్కసారి ఒట్టి చేతులతో ఇంటికొస్తే, మళ్ళీ ఏడు ఆటకు రానని మొండికేస్తాడు. అయినా ఒలింపిక్స్‌లోనూ పాల్గొన్న అందరికీ జ్ఞాపక పతకం ఇస్తారు, 1896 ఏథెన్స్ నుంచీ ఉన్నదే. దానివల్ల బంగారు పతకం విలువేమైనా తగ్గిందా?

దేవరకొండ వాసి: అమ్మా, అక్కడిదాకా పోవుడే పెద్ద గెలుపు. ఇక్కడ ఆ రోజు బడికొస్తే చాలు. మా బిడ్డ చదివే ప్రైవేటు బడిల యాన్యువల్ డేకు అందరికీ షీల్డులిచ్చిండ్రు, పైసలు ఫీజుల కలిపి గుంజిండ్రనుకోండి. పేరు రాసే జాగ ఖాళీ. అది ఇప్పుడు మా ఇంట్ల తలుపు కొట్టుకోకుండ అడ్డం పెడ్తున్నం.

నల్లగొండ బీఈడీ: ఇద్దరూ అసలు విషయం వదిలేస్తున్నారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికా పరిశోధకులు, బొమ్మలంటే ముందే ఇష్టమున్న నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరికి బొమ్మ గీస్తే అవార్డు ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మిగతావాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజులయ్యాక పెన్నులు మామూలుగా ముందు పెట్టి చూస్తే, ఆశ చూపించినవాళ్ళు మిగతా పిల్లలు గీసినంతలో దాదాపు సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకు ఇష్టం తగ్గలేదు. అంటే చెడగొట్టింది అవార్డు కాదు, ముందు చూపించిన ఆశ. ఆ లెక్కన మీ స్టీలు గిన్నెలను కూడా అనుమానించాలి సార్.

పాలమూరు పీఈటీ: గిన్నెలు బంద్ చేస్తే ఊరోళ్ళు నన్ను బడికి రానియ్యరు! ఒక ఆలోచనైతే ఉంది. దాత పైసలతోని రెండు వాలీబాళ్ళు, నెట్టు, ఖోఖో స్తంభాలు కొంటం. ఏడాదంత అందరూ ఆడుకుంటరు.

మిర్యాలగూడ అమ్మ: బంతి బడిది సార్. పిల్ల ఇంటికి తెచ్చి నాయనమ్మకు చూపించుకునేది ఏది?

పాలమూరు పీఈటీ: సరే, కాయితం ఇస్త. పేరు, ఆట, ఎన్ని సెకన్లల ఉరికిండ్రు, పోయినేడు ఎన్ని. స్టాప్‌వాచ్ ఉంది, రిజిస్టరు ఉంది. ఆఖర్ల వచ్చినోడైనా రెండు సెకన్లు తగ్గించుకుంటే అది వాని సొంతం కదా.

దేవరకొండ వాసి: గిది ఒప్పుకుంట. పేరన్న ఉంటది.

నల్లగొండ బీఈడీ: పిల్లలకు ముందే చెప్పకండి మరి.

మిర్యాలగూడ అమ్మ: పోయినేడు గోనెసంచి పరుగుకు కూడా టైం రాశారా సార్?

పాలమూరు పీఈటీ: లేదమ్మా, 100 మీటర్లకే రాసిన. ఈ ఏడు సంచి పరుగుది కూడ మొదలుపెడ్త.