మోటరు కంట్రోలరు ఇక్కడ అప్పు మీదే పోతోంది. ఇప్పుడే కెన్యాకు పంపొచ్చా?

చీనీతోట (అనంతపురం):
బోరు మోటరునూ డ్రిప్ వాల్వులనూ ఫోన్‌తో నడిపే కంట్రోలరు చేస్తున్నాం, ముగ్గురం. తయారీకి 8,000 పడుతుంది, డీలరుకు 11,500కు ఇస్తాం. రైతు "పంట అమ్మినాక ఇస్తా" అంటాడు, డీలరు మాకూ అదే చెబుతాడు. డబ్బు చేతికి రావడానికి ఏడెనిమిది నెలలు. వంద డబ్బాలు అప్పు మీద పోతే 8 లక్షలు ఇరుక్కున్నట్టే. కెన్యా డీలరు ఒకాయన 20 పీసులు అడుగుతున్నాడు. ధర 15,000, అడ్వాన్సు 30 శాతం. ఇంటి దగ్గర నిలదొక్కుకోకముందే బయటికి పోవడం తప్పా?

బోరుబావి:
తప్పేం లేదన్నా. మీ వస్తువు బాగాలేక కాదు, ఇక్కడి రైతుకు దానిమీద డబ్బు పెట్టాల్సిన అవసరమే తక్కువ. వ్యవసాయానికి 9 గంటల కరెంటు ఉచితం. మోటరు రెండు గంటలు ఎక్కువ తిరిగినా బిల్లు రాదు, కాబట్టి కరెంటు ఆదా అని చెప్పి అమ్మలేరు. స్టార్టరు డబ్బాలో ఆటో స్విచ్ ముందే ఉంటుంది, కరెంటు రాగానే మోటరు దానంతటదే లేస్తుంది. పైగా డ్రిప్ మొత్తం 90 శాతం సబ్సిడీకి తెచ్చుకున్న చిన్న రైతుకు, సబ్సిడీ లేని డబ్బా ఒక్కటి 11,500 అంటే భారమే.

ఇక్కడ నగదుకు కొనేవాళ్లు లేకపోలేదు. నార్పల, పుట్లూరు వైపు ఎగుమతి అరటి వేసేవాళ్లు ఎరువు డ్రిప్‌లోనే వదులుతారు. ఏ వాల్వుకు ఎన్ని నిమిషాలన్నది వాళ్లకు ముఖ్యం. డీలరు లేకుండా నేరుగా వాళ్ల దగ్గరికే పోండి.

సర్క్యూట్ కడప:
కెన్యాకు ఇదే డబ్బా పంపొద్దు. మీది త్రీఫేజ్ 5, 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కు కట్టినది కదా. అక్కడి చిన్న రైతు ఎక్కువగా వాడేది పెట్రోలు పంపో సోలారు పంపో, వాటికి మీ ఫేజ్ ప్రివెంటర్‌తో (ఒక ఫేజ్ పోతే మోటరును ఆపే భాగం) పనే లేదు. డబ్బు పెట్టగలిగేది నైవాషా పూలతోటల్లాంటివి. వాళ్లకు కావాల్సింది వాల్వు భాగం ఒక్కటే.

డీలరును మొదట అడగాల్సింది వాల్వును తెరిచి మూసే కాయిల్ గురించి: 24 వోల్టుల ఏసీనా, డీసీ లాచింగా? ఏసీ కాయిల్‌కు వాల్వు తెరిచి ఉన్నంతసేపూ కరెంటు ఇవ్వాలి. లాచింగ్‌కు తెరవడానికి ఒక చిన్న పల్స్, మూయడానికి ప్లస్ మైనస్ తిప్పి ఇంకో పల్స్. లాచింగ్ కాయిల్‌కు ఏసీ తగిలిస్తే కాలుతుంది. వైరు పొడవైతే వోల్టేజి పడిపోయి మూసే పల్స్ చాలదు, వాల్వు తెరుచుకునే ఉండి తోటలో నీళ్లు నిలుస్తాయి. అందుకే వాళ్లు వాడేంత పొడవు వైరు చుట్టను బల్ల మీదే తగిలించి, వందసార్లు తెరిచి మూసి చూడండి. చాలకపోతే పల్స్ ఇచ్చే కెపాసిటరు పెంచండి.

సిమ్ మాడ్యూలు ఉంది కాబట్టి అక్కడి కమ్యూనికేషన్స్ అథారిటీ టైప్ అప్రూవల్ (ఆ మోడల్ వాడొచ్చని అనుమతి) కావాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందే రాసుకోండి.

కర్నూలు షిప్పింగ్:
డబ్బు లెక్క ముందు చూడండి. 20 పీసుల ఖర్చు 1,60,000. 15,000 చొప్పున అమ్మితే 3 లక్షలు, అందులో 30 శాతం 90,000. ఇంకా 70,000 మీ జేబులోంచే పోతుంది. ఇక్కడ ఏ అప్పు బాధ పడలేక పోతున్నారో అదే అక్కడా తయారవుతుంది. కనీసం 60 శాతం అడగండి, మిగతాది సరుకు కదలకముందే తీసుకోండి. విమానంలో పంపేటప్పుడు ఇది మరీ ముఖ్యం: ఎయిర్‌వే బిల్లు (విమానంలో వేసిన సరుకుకు ఇచ్చే రసీదు) సరుకు మీద హక్కు పత్రం కాదు. దానిమీద డీలరు పేరుంటే మీకు పైసా కట్టకుండానే విడిపించుకోగలడు.

కాగితాలు కష్టమేం కాదు. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ సైటులో ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్), ఫీజు 500. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య దాన్ని అప్‌డేట్ చేయాలి, లేదంటే ఆపేస్తారు. ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ను సరుకు పోయే పోర్టులో నమోదు చేయించాలి. జీఎస్‌టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంతో ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) ఏటా వేయాలి, లేకపోతే ముందు ఐజీఎస్‌టీ కట్టి రీఫండు కోసం తిరగాలి. లోపల లిథియం బ్యాటరీ ఉంటే యూఎన్ 38.3 రిపోర్టు (బ్యాటరీ రవాణా భద్రత పరీక్షది) సెల్ అమ్మినవాళ్ల దగ్గర తెచ్చుకోండి. అది లేకపోతే దేవనహళ్లిలో (బెంగళూరు విమానాశ్రయం) కార్గో ఆగిపోతుంది. కెన్యా పీవీఓసీ (సరుకు వాళ్ల ప్రమాణాలకు సరిపోతుందో చూసే) తనిఖీ ఇక్కడే, ప్యాక్ చేసి పంపకముందే అయిపోవాలి.

చీనీతోట:
ముందు రెండే శాంపిల్ పంపితే?

కర్నూలు షిప్పింగ్:
అదే మేలన్నా. వాల్వు భాగం రెండు పీసులు, అదనంగా ఒక బోర్డు. ఊరికే ఇచ్చినా ఇన్‌వాయిస్‌లో విలువ రాయాలి, సున్నా వేయొద్దు. వాళ్ల తోటలో ఒక నెల తిరగనిచ్చి, అప్పుడు 20 మాట మాట్లాడండి.