శుక్రవారం కూడిక: హాలు వాళ్ళు స్కిట్ వద్దంటున్నారు, అర్జెంటు

పాలకొల్లు బాబాయ్ (బుధవారం రాత్రి 9:40):
ఇప్పుడే హాలు మేనేజరు ఫోన్ చేసేడు. మన స్కిట్, అదే అపవాది అరణ్యంలో యేసుని శోధించే కథ, వీల్లేదంట. పొగ మిషను పెడితే ఫైర్ అలారం మోగుద్దంట. వేషాలు, మైకులు కూడా వద్దంట. కుర్చీలేసుకుని వాక్యం చదువుకోవచ్చు, సాయంత్రం 6 నుంచి 8 దాకా. అడ్వాన్సు వెనక్కివ్వరు. రేపు మధ్యాహ్నంలోపు ఏదోటి చెప్పాలి. తెర, లైట్లు, కొమ్ములు, రెక్కలు: ఎవరి పని ఎంతదాకా వచ్చింది?

అమలాపురం తమ్ముడు:
రెక్కలు 6 జతలు థర్మాకోల్‌తో కోసేశాం బాబాయ్. పొగ వద్దని నేను మొన్నే మొత్తుకున్నాను. వింటే కదా.

రాజోలు అక్క:
ఎవర్నంటున్నావు? హాలు ఫారం నింపిందెవరు? అందులో పొగ సంగతి రాస్తే అప్పుడే తేలిపోను.

అమలాపురం తమ్ముడు:
సరే, తప్పంతా నాదే. స్కిట్టూ మీరే చూసుకోండి.

భీమవరం మాస్టారు:
ఇద్దరూ ఆగండి. మత్తయి సువార్త 4వ అధ్యాయంలో కొమ్ములూ లేవు, పొగా లేదు. ఈ శోధన కథ 11 వచనాలు, అందులో ఎక్కువ మాటలే. ముగ్గురు కూర్చుని చదివితే చాలు: ఒకరు కథనం, ఒకరు యేసు, ఒకరు శోధకుడు, అంటే అపవాది. 3:17 నుంచి ఎత్తుకోండి. "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్న ఆకాశ స్వరం వినపడ్డాకే శోధకుడొచ్చి "నీవు దేవుని కుమారుడవైతే" అంటాడు. ఆ "ఐతే" మీద నొక్కకూడదు, అనుమానంలా వినపడుద్ది. గ్రీకులో ఆ వాక్యం "కుమారుడివే కదా, మరింకేం" అన్న ధోరణిలో ఉంది. మన మంచి కోరేవాడిలా మెల్లగా చదవాలి. అరిస్తే చెడిపోద్ది.

రాజోలు అక్క:
6వ వచనం, దేవాలయ శిఖరం మీంచి దూకమనేది, బాగా పొడుగండి. శోధకుడు అందులో చెప్పే కీర్తన ముక్క తీసేద్దామా?

భీమవరం మాస్టారు:
అమ్మా, ఆ కత్తిరింపు పని వాడే చేసేడు! 91వ కీర్తన 11లో "నీ మార్గములన్నిటిలో" అని ఉంది. వాడు చెప్పినప్పుడు ఆ మాట లేదు. ఉన్నది ఉన్నట్టు చదివి, వెంటనే కీర్తన కూడా చదివిస్తే పిల్లలే పట్టేస్తారు. యేసు జవాబులు మూడూ ద్వితీయోపదేశకాండంలోవి: 8:3, 6:16, 6:13. మూడు కాగితాల మీద రాసి వేర్వేరు వరసల్లో ఇవ్వండి, కూర్చున్న చోటే లేచి చదువుతారు. లూకా సువార్తలో ఉన్న ఇదే కథ మాత్రం కలపొద్దు. అందులో దేవాలయ శిఖరం ఆఖర్న వస్తుంది, చదివేవాళ్ళు తడబడతారు.

నరసాపురం వదిన:
యాకోబు పత్రిక 1:13లో దేవుడు ఎవరినీ శోధించడని ఉంది. ఇక్కడ ఆత్మే అరణ్యానికి తీసుకెళ్ళేడు. పిల్లలడిగితే ఏం చెప్పాలండి?

భీమవరం మాస్టారు:
పరీక్షకీ, పాపంలోకి లాగడానికీ రెంటికీ మన బైబిల్లో శోధన అన్న మాట వాడతారు. గ్రీకులోనూ అంతే. ఆత్మ తీసుకెళ్ళింది చోటుకి, లాగింది అపవాది. మొదటి వచనంలో ఇద్దరూ ఉన్నారు, వేలు పెట్టి చూపించండి. పెద్ద క్లాసుకి యాకోబు 2:19 ఇవ్వండి: "దయ్యములును నమ్మి వణకుచున్నవి". శోధకుడికి కీర్తన నోటికొచ్చు, లోబడ్డమే రాదు. విశ్వాసం మీద చర్చ అక్కణ్ణుంచి లేస్తుంది.

నరసాపురం వదిన:
మరి రెక్కల పిల్లలో? ఏడుపు మొహాలు పెట్టేరు.

భీమవరం మాస్టారు:
11వ వచనంలో దూతలు "పరిచర్య" చేసేరు. ఆ మాట అన్నం వడ్డించడానికీ వాడతారు. దూకమన్నప్పుడు కాదు, అన్నీ అయ్యాక వచ్చేరు వాళ్ళు. ఆరుగురూ అప్పుడు రొట్టె, నీళ్ళ చెంబు తెచ్చి యేసు చదివే ఆయన ముందు పెట్టాలి. రెక్కలక్కర్లేదు.

పాలకొల్లు బాబాయ్:
మేనేజరుకి సరే అని మెసేజ్ పెట్టేశా. శోధకుడెవరు?

అమలాపురం తమ్ముడు:
నేనే చదువుతాలే.

రాజోలు అక్క:
ఫారం మాట మనసులో పెట్టుకోకు తమ్ముడూ. కోడి పలావు 8 కిలోల బియ్యం నేను చేసేస్తా. హాల్లో పొయ్యి వెలిగించకూడదు కదా, 8 దాకా వేడెలా ఉంటుంది?

అమలాపురం తమ్ముడు:
రెక్కలున్నాయి కదక్కా, గిన్నెల చుట్టూ కట్టేద్దాం.

రాజోలు అక్క:
ముందు తువ్వాళ్ళు చుట్టు. కాలే గిన్నెకి థర్మాకోల్ తగిలితే కరిగి అంటుకుపోద్ది.