సింగపూర్‌లో చనిపోయిన మా పెదతాత వివరాలు ఎలా వెతకాలి?

అందరికీ నమస్కారం, మాది విశాఖపట్నం దగ్గర ఆనందపురం. మా తాతయ్య వాళ్ల అన్నయ్య రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ శాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) పనిచేశారు, 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతిలో పడిపోయాక ఆయన నుంచి ఉత్తరం ముక్క కూడా రాలేదట. చనిపోయారని కబురు మాత్రం వచ్చింది, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఇంట్లో ఎవరికీ తెలీదు. సర్వీస్ నంబర్ ఉన్న కాగితాలు తుఫానులో పాడైపోయాయి.

యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూశాను. అప్పటి రికార్డుల్లో మన జిల్లాను విజగపటం అని రాసేవారు, పైగా ఇంటిపేరు ఒక్కోసారి ఉండదు, అందుకే ఒకే పేరుతో చాలామంది కనిపిస్తున్నారు. సమాధి లేని 24 వేలమందికి పైగా సైనికుల పేర్లు క్రాంజీలోని సింగపూర్ మెమోరియల్ మీద ఉన్నాయి కదా, తండ్రి పేరు, ఊరు పట్టుకుని అందులో వెతికే దారి ఉందా? బెంగళూరులోని శాపర్స్ కేంద్రానికి రాస్తే పాత రికార్డు ఇస్తారా, లేక ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌కే వెళ్లాలా? ఇలా వెతికినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి, మా తాతయ్యకి తొంభై దాటాయి, ఆయన ఉండగానే అన్నయ్య పేరు ఎక్కడుందో చూపించాలని ఉంది.