రీకాల్‌లో డీజిల్ ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చాక పికప్ తగ్గుతుందా?

ప్రశ్న: ఫోక్స్‌వ్యాగన్ ఈఏ189 రకం ఇంజన్ ఉన్న 1.6 లీటర్ డీజిల్ కారుకి ఉద్గారాల రీకాల్ పని చేయించాలి. 90 వేల కిలోమీటర్లు తిరిగింది, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది. పికప్, మైలేజీ పడిపోతాయని కొందరు, ఏ తేడా ఉండదని కొందరు అంటున్నారు. లోపల అసలు ఏం మారుతుంది?

జవాబు: రెండు మాటల్లోనూ నిజముందండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఈజీఆర్ వాల్వ్ (కాలిన గ్యాస్‌లో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) దాదాపు మూసుకుంటుంది కాబట్టి గరిష్ఠ పవర్ మారకూడదు. తేడా తెలిస్తే సగం తొక్కినప్పుడే, సుమారు 1200 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య తెలుస్తుంది.

2015లో మోసం బయటపడిన పాత సాఫ్ట్‌వేర్, పరీక్ష జరుగుతోందని పసిగడితేనే ఈజీఆర్‌ని గట్టిగా వాడేది. కొత్తది రోడ్డు మీదా వాడుతుంది. కాలిన గ్యాస్‌లో కొంత మళ్లీ సిలిండర్‌లోకి వెళ్తే ఆక్సిజన్ తగ్గి, మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. ఆ ఆక్సిజన్ తగ్గడం వల్లే మసి పెరుగుతుంది. చిక్కంతా ఇక్కడే. ఇంజక్షన్ తీరు మార్చి మసిని అదుపు చేయాలని చూస్తారు గానీ, భారం ఈజీఆర్ వాల్వ్ మీద, దాని కూలర్ మీద, డీపీఎఫ్ మీద పడుతుంది.

మీ 1.6కి సాఫ్ట్‌వేర్‌తో పాటు గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ముందు జాలీ ఉన్న ప్లాస్టిక్ గొట్టం కూడా బిగిస్తారు. గాలి సుడులు తిరగకుండా వస్తే సెన్సర్ కొలత నిలకడగా ఉంటుంది. 2.0కి సాఫ్ట్‌వేర్ ఒక్కటే.

ఇంకో జవాబు: పని చేయించక ముందే స్కానర్ పెట్టి రీడింగులు రాసుకోండి. ఇది చాలా ముఖ్యం. తర్వాత ఏది అప్‌డేట్ వల్ల వచ్చిందో, ఏది అంతకుముందే ఉందో తేల్చడానికి మరో దారి లేదు. డీపీఎఫ్‌లో మసి ఎన్ని గ్రాములు, పోయినసారి రీజెన్ (డీపీఎఫ్‌లో చేరిన మసిని కాల్చేయడం) జరిగి ఎన్ని కిలోమీటర్లు, ఐడిల్‌లో డీపీఎఫ్ ముందు వెనకల ఒత్తిడి తేడా ఎంత అన్నవి చూడాలి. ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచితే ఆ తేడా సున్నా చూపాలి. చూపకపోతే సెన్సరే తప్పు. చదునైన రోడ్డు మీద మూడో గేర్‌లో 1500 నుంచి 3000 ఆర్‌పీఎంకి ఎన్ని సెకన్లు పడుతుందో ముందూ తర్వాతా కొలవండి. మైలేజీకి డ్యాష్‌బోర్డు అంకె చాలదు, మూడు ఫుల్ ట్యాంకుల సగటు తీయండి.

90 వేలు తిరిగిన బండిలో ఈజీఆర్ వాల్వ్‌కి మసి పట్టే ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో పెద్దగా కదలని వాల్వ్ ఇప్పుడు రోజంతా తెరుచుకుని మూసుకోవాలి. అక్కడే ఇరుక్కుంటుంది. స్కానర్‌లో పీ0401 అనే లోపం కోడ్ వస్తే ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదని. వాల్వ్ మార్చితే స్కానర్‌తో అడాప్టేషన్ (కొత్త వాల్వ్‌ని ఇంజన్ కంప్యూటర్‌కి నేర్పించడం) చేయించాలి, లేకపోతే బండి కుదుపు పోదు.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత ఇంజన్ ఆపినా ఫ్యాన్ తిరుగుతుందంటారు. అది లోపమా?

జవాబు: కాదండి, రీజెన్ మధ్యలో ఆపేశారని గుర్తు. ఐడిల్ 1000 ఆర్‌పీఎం దాకా పెరగడం, కాలిన వాసన, అప్పటికప్పుడు మైలేజీ అంకె పడిపోవడం కూడా అవే గుర్తులు. డీపీఎఫ్‌లో మసి కాలడానికి 600 డిగ్రీల దగ్గర వేడి కావాలి, దానికోసం అదనంగా డీజిల్ ఇంజెక్ట్ అవుతుంది. మాటిమాటికీ ఆపేస్తే ఆ డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగితే వెంటనే ఆయిల్ మార్చండి. గుర్తులు కనిపించినప్పుడు 15, 20 నిమిషాలు 2000 ఆర్‌పీఎం పైన నడపండి. ఆయిల్ ఫోక్స్‌వ్యాగన్ 507.00 ప్రమాణానిదే పోయించండి. మామూలు ఆయిల్ వదిలే బూడిద ఎంత వేడికీ కాలదు.

కూలెంట్ తగ్గుతూ తెల్ల పొగ వస్తుంటే మాత్రం నడపొద్దు. ఈజీఆర్ కూలర్ లీకవుతోందేమో ముందు చూపించండి.