వాగుకు అటో రాష్ట్రం, ఇటో రాష్ట్రం: జర్మనీలో మోడ్లారాయిట్ ఎవరైనా చూశారా?

కృష్ణా మండలం నుంచి ప్రశ్న:
మా తమ్ముడు జర్మనీలో హోఫ్‌లో చదువుతున్నాడు. దగ్గర్లో మోడ్లారాయిట్ అనే పల్లె చూసొచ్చాడు. నలభై యాభై మందే ఉంటారట, అయినా ఊరు రెండు రాష్ట్రాల్లో ఉందట! మాదీ హద్దు ఊరే. కృష్ణ దాటితే రాయచూరు జిల్లా. మా అక్కను అటే ఇచ్చాం. పత్తికి ఏ ఒడ్డున ధర ఉంటే అటు తోలతాం. అక్కడివాళ్లు ఎట్లా బతుకుతారు?

పాలమూరు వాడిని, ఇప్పుడు బవేరియాలో:
అన్నా, నేను వెళ్లాను. ఊరి మధ్యలో టాన్‌బాఖ్ వాగు, మన పొలం కాలువంతే. ఇవతల బవేరియా, అవతల తురింగియా. అప్పట్లో జర్మనీ రెండు దేశాలు: బవేరియా పశ్చిమ జర్మనీలో, తురింగియా తూర్పు జర్మనీలో. 1966లో తూర్పు జర్మనీ అక్కడ 700 మీటర్ల కాంక్రీటు గోడ కట్టింది. అటువాళ్లు ఇటు చెయ్యి ఊపడం కూడా నిషేధమే. బెర్లిన్ నగరంలాగే గోడతో చీలిందని అమెరికన్లు 'లిటిల్ బెర్లిన్' అనేవాళ్లు. 1989 డిసెంబర్ 9న దారి తెరిచారు. కొంత గోడ, కావలి బురుజు మ్యూజియంలో అట్లాగే ఉంచారు.

నల్గొండ అక్క:
చుట్టూ అంతా పొలాలే తమ్ముడూ. పైగా ఆ మ్యూజియం కోసం బస్సుల్లో జనం వస్తారు. ఇప్పటికీ పిన్‌కోడ్లు రెండు, మేయర్లు ఇద్దరు. బవేరియా వైపు 'గ్రూస్ గాట్' అని పలకరిస్తే, అటు 'గూటెన్ టాగ్' అంటారు.

కృష్ణా మండలం:
మా అక్కకూ మాకూ మధ్య అట్లా గోడ లేస్తే? తలుచుకుంటేనే గుండె బరువెక్కింది. ఆ వాగు ఫోటో పంపమని తమ్ముడికి చెప్పాను, అక్కకు చూపిస్తా.